పరమాణువు కంటే ముందు ముగ్గురాయి

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి నడుస్తుంటారు. వాన కడిగిన మట్టిలో ఎక్కడైనా వజ్రం మెరుస్తుందేమోనని చూపంతా నేలమీదే. దాదాపు అవే రోజుల్లో బడులు తెరుస్తారు. తొమ్మిదో తరగతి పిల్లలు కొత్త పుస్తకం తిప్పితే పదార్థమంతా కంటికి కనిపించని కణాలతో తయారైందని మొదటి పాఠంలోనే ఉంటుంది. చేలో దొరికిన రాయి వజ్రమా, పలుగురాయా అని తేల్చుకోవడం ఎలా అన్న ప్రశ్న మాత్రం పుస్తకంలో ఉండదు. కణాల సంగతి అబద్ధమని కాదు. కానీ ఆ మాట నమ్మడానికి పద్నాలుగేళ్ల పిల్లవాడి దగ్గర జూన్ నెలలో ఒక్క కారణమూ లేదు. సారు చెప్పారు, పుస్తకంలో ఉంది, పరీక్షలో వస్తుంది, అంతే. ఫిజికల్ సైన్సు కోర్సు ప్లాన్ చేసేవాళ్లు ముందు తేల్చుకోవలసింది ఇదే: ఏడాదిని జవాబుతో మొదలుపెట్టాలా, ప్రశ్నతోనా?

మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతిలోనే సైన్సు రెండుగా చీలిపోతుంది. పీఎస్ (ఫిజికల్ సైన్సు) సారు వేరు, బీఎస్ (బయలాజికల్ సైన్సు) మేడం వేరు. అయితే ఎనిమిదిలో పాఠాలు ఇంకా కథల్లాగే సాగుతాయి. సూత్రాలు, లెక్కలు, గ్రాఫులు ఒక్కసారిగా మీద పడేది తొమ్మిదిలోనే. ‘నాకు పీఎస్ రాదు’ అని పిల్లలు తమకు తాము ముద్ర వేసుకునేది కూడా ఎక్కువగా ఆ ఏడాదే. పదో తరగతిలో స్పెషల్ క్లాసులు ఎన్ని పెట్టినా ఆ ముద్ర చెరగదు.

బడిలో ఏడాది ప్రణాళిక అంటే చాలాచోట్ల ఒక పట్టిక. నెల, పాఠం పేరు, పీరియడ్లు, సంతకం. పుస్తకంలో పాఠాలు ఏ వరుసలో ఉంటే పట్టికలోనూ అదే వరుస. 2023లో కుదించిన ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి సైన్సులో భౌతిక, రసాయన శాస్త్రాలకు చెందిన పాఠాలు తొమ్మిది: పదార్థం, మిశ్రమాలు, పరమాణువులు–అణువులు, పరమాణు నిర్మాణం, చలనం, బలం, గురుత్వాకర్షణ, పని–శక్తి, ధ్వని. వారానికి ఆరు పీరియడ్లు, 34 వారాలు అనుకుంటే 204. పరీక్షలు, సంబరాలు, ర్యాలీలు, సారుకు పడే ఇతర డ్యూటీలు తీసేస్తే 150 మిగలడం గొప్ప. అంటే పాఠానికి పదహారు పీరియడ్లు. తొమ్మిదింటికీ సమానంగా పంచితే అన్నీ పైపైనే. ప్లాన్ అంటే పంపకం కాదు. దేనికి ముప్పై ఇవ్వాలి, దేన్ని ఆరింటిలో దాటేయాలి అని తెగించి చెప్పగలగడం.

ఈ తికమక ఇక్కడిదే కాదు, కొత్తదీ కాదు. అమెరికాలో 1956లో ఎంఐటీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ల చొరవతో హైస్కూలు పెద్ద తరగతులకు కొత్త ఫిజిక్స్ కోర్సు మొదలైంది. దాన్ని అందుకోవాలంటే కింది తరగతుల్లోనే కొలవడం, గ్రాఫు గీయడం, ప్రయోగం నుంచి ఫలితం తేల్చడం అలవాటు కావాలి. అందుకని 1960లలో ఉరి హేబర్–షైమ్ బృందం చిన్న తరగతులకు విడిగా ఒక ప్రవేశ కోర్సు తయారుచేసింది. అందులో ఏడాదంతా ఒకటే దారం: పదార్థం. ముందు ఘనపరిమాణం, ద్రవ్యరాశి. ఆ ద్రవ్యరాశి ఏ మార్పులోనైనా తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది తర్వాత. పిమ్మట పదార్థాన్ని గుర్తుపట్టే లక్షణాలు, వాటితో మిశ్రమాలను విడదీయడం, సంయోగ పదార్థాలు, మూలకాలు. పరమాణు నమూనా వచ్చేది వీటన్నిటి తర్వాతే. విడిగా ల్యాబు గది అక్కర్లేకుండా మామూలు తరగతి బల్లల మీద చేసుకునేలా ప్రయోగాలు కూర్చారు. ఉన్న సైన్సంతా ఒకే ఏడాదిలో కుక్కాలని చూడకపోవడమే దాని బలం.

మన దేశంలో ఇంతకంటే పెద్ద సాహసమే జరిగింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లె బడులతో మొదలైన కార్యక్రమంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు చేసి చూసి, వాదించుకుని, తమ మాటల్లో రాసుకునేవాళ్లు. పరీక్షకు పుస్తకం తీసుకెళ్లి చూసి రాసుకోవచ్చు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసేదాకా ముప్పై ఏళ్లు నడిచింది. ‘సర్కారు బడిలో ఇవన్నీ కుదరవండీ’ అనేవాళ్లకు ఆ ముప్పై ఏళ్లే జవాబు.

రాళ్లసీమ ల్యాబు

రాయలసీమను రాళ్లసీమ అని ఎగతాళి చేయడం పాత అలవాటు. సైన్సు సారుకు మాత్రం అది వరం. మూడు రాళ్లు పోగేస్తే రెండు నెలల పాఠం చేతికొస్తుంది.

మొదటిది నాపరాయి, అంటే సున్నపురాయి జాతి బండ. బేతంచెర్ల, తాడిపత్రి, జమ్మలమడుగు వైపు ఇళ్లలో నేలంతా అదే. పాలిష్ ఫ్యాక్టరీల పక్కన ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి, ఊరికే తెచ్చుకోవచ్చు. రెండోది పలుగురాయి. ఏ చేలోనైనా దొరుకుతుంది. చీకట్లో రెండు పలుగురాళ్లు కొట్టి మెరుపు చూడని పల్లె పిల్లలు అరుదు. మూడోది ముగ్గురాయి, అంటే బెరైటీస్. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో దాని నిల్వలు ప్రపంచంలోనే పేరుమోసినవి. చమురు బావులు తవ్వేటప్పుడు లోపల పోసే బురద బరువెక్కడానికి ఈ రాతిపొడి కలుపుతారు. బరువే దాని గొప్ప. కర్నూలు, అనంతపురం బడులన్నిటికీ ఇది పక్కనే దొరకదు గానీ, కోడూరు వైపు చుట్టాలున్న పిల్లవాడు ఒక్కడైనా తరగతిలో ఉంటాడు.

మొదటి రోజు కాటా, జాడీ ఏమీ అక్కర్లేదు. దాదాపు ఒకే సైజు ముక్కలు మూడూ చేతిలో పెట్టి ఏది బరువని అడగాలి. ముగ్గురాయి పట్టుకున్న పిల్లవాడు చెయ్యి కిందికి దిగి ఉలిక్కిపడతాడు. చూడ్డానికి మామూలు రాయే, చేతిలో ఇనుపముక్కలా ఉంటుంది. ‘ఎందుకంత బరువు?’ అని ఎవరో ఒకరు అడిగేదాకా ఆగాలి. ‘సాంద్రత’ అన్న మాట అప్పుడే బోర్డు మీదికి రావాలి, అంతకుముందు రాకూడదు.

రెండో రోజు కాటా, కొలజాడీ. రాయి పెద్దదైతే జాడీ మూతిలో పట్టదు. కాబట్టి చిన్న ముక్కలుగా కొట్టుకోవాలి. లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో రకానివీ 135 గ్రాముల ముక్కలు తీసుకున్నామనుకుందాం. నాపరాయి ముక్కలు వేస్తే జాడీలో నీళ్లు 50 మిల్లీలీటర్లు పైకి లేస్తాయి. పలుగురాయికి 51. ముగ్గురాయికి 30 మాత్రమే. బరువును ఆ మిల్లీలీటర్లతో భాగిస్తే సాంద్రత వస్తుంది: నాపరాయి 2.7, పలుగురాయి 2.65, ముగ్గురాయి 4.5. ఇవి పుస్తకం లెక్కలు. తరగతిలో ఇలా రావు, రాకపోవడమే అసలు పాఠం.

పది గుంపులు నాపరాయి సాంద్రత కొలిస్తే బోర్డు మీద 2.5, 2.6, 2.7, 2.7, 2.8, మళ్లీ 2.6, ఎక్కడో ఒక 3.1 పడతాయి. మామూలుగా అయితే సారు 2.7 కింద గీత గీసి ముందుకెళ్తారు. 3.1 వచ్చిన గుంపు గప్‌చుప్‌గా తుడిపేసి 2.7 రాసుకుంటుంది. ప్రాక్టికల్ రికార్డుల్లో ఏళ్లతరబడి సాగే కాపీలకు విత్తనం అక్కడే పడుతుంది. అలా కాకుండా ఆ గుంపును లేపి ‘ముక్కలు ఎలా వేశారు?’ అని అడిగితే కథ బయటికొస్తుంది. పైనుంచి టపటపా పడేశారు, నీళ్లు చిందాయి. చిందిన నీళ్లు జాడీలో లేవు, కాబట్టి మట్టం లేవాల్సినంత లేవలేదు. ఘనపరిమాణం తగ్గి సాంద్రత పెరిగింది. 2.5 వచ్చినవాళ్లది దీనికి తిరగబడిన తప్పు. ముక్కల మధ్య గాలి బుడగలు ఇరుక్కున్నాయి, జాడీని ఒక్కసారి తట్టలేదు. తప్పు వచ్చినందుకు తిట్టు పడలేదు, పైగా అది ఏ దిక్కుకు ఎందుకు పోయిందో తేలింది. పిల్లలు కొలతను నమ్మడం మొదలుపెట్టేది ఇలాంటి పూటే.

ఇంకో మెట్టు ఎక్కాలి. జాడీ మీద గీతలు ఒక్కో మిల్లీలీటరుకు ఉంటే ముందోసారి, తర్వాతోసారి చదివినప్పుడు రెండు మిల్లీలీటర్ల దాకా అటూ ఇటూ కావచ్చు. ఆ లెక్కన ముగ్గురాయి 4.2కూ 4.8కీ మధ్య, నాపరాయి 2.6కూ 2.8కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కొలత ఎంత మోటుగా ఉన్నా ముగ్గురాయిని పట్టేసుకోవచ్చు. నాపరాయినీ పలుగురాయినీ మాత్రం ఈ జాడీ విడదీయలేదు. ‘ఈ కొలత ఇంతవరకే చెప్పగలదు’ అన్న మాట తొమ్మిదో తరగతిలోనే పిల్లల నోట వస్తే, ఇంటర్‌లో ఎర్రర్స్ అధ్యాయం చూసి టెన్షన్ పడరు.

వజ్రం ముచ్చట ఇక్కడ కలుపుకోవాలి. వజ్రం సాంద్రత 3.5, పలుగురాయిది 2.65. అయితే చేలో దొరికిన రాయిని జాడీలో వేసి తేల్చేయొచ్చా? ఒక క్యారట్ అంటే 0.2 గ్రాములు. అంత వజ్రం ఘనపరిమాణం 0.06 మిల్లీలీటర్లకు లోపే, అంటే దాదాపు ఒక నీటిబొట్టు. జాడీలో మట్టం కదిలినట్టే ఉండదు. పద్ధతి సరైనదే, పనిముట్టు చాలదు. ఈ రెండిటి తేడా పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ సీమలో దొరకదు.

నిమ్మకాయ చెప్పే సంగతి

సాంద్రత విడదీయలేని జంటను నిమ్మరసం విడదీస్తుంది. వంటింట్లో కడప బండ (అదీ నాపరాయే) మీద నిమ్మచెక్క పెట్టి మరిచిపోతే నల్లటి పాలిష్ మీద తెల్లటి మచ్చ పడటం సీమలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ మచ్చే ప్రయోగం. నాపరాయి పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలొస్తాయి. ల్యాబులోని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం అయితే బుసబుసా పొంగుతుంది. పలుగురాయి కదలదు, మెదలదు. ముగ్గురాయి కూడా అంతే. రెండు పరీక్షలు, మూడు రాళ్లు. ఏది బరువు, ఏది పొంగుతుంది అన్న రెండు ప్రశ్నలతో మూడిటినీ విడివిడిగా గుర్తుపట్టొచ్చు. ఇంటి దగ్గర వాడే ముగ్గుపిండి చిటికెడు తెచ్చి నిమ్మరసం వేయమంటే మరునాడు తరగతి సంతలా ఉంటుంది. కొన్ని పొంగుతాయి, కొన్ని పొంగవు. పొంగింది ముగ్గురాయి కాదు, సున్నపురాయి జాతి. పొంగనిది ముగ్గురాయేనా? కావచ్చు, బియ్యప్పిండీ కావచ్చు. అక్కడ టింక్చర్ అయోడిన్ చుక్క తీర్పు చెబుతుంది, బియ్యప్పిండి అయితే నల్లనీలంగా మారుతుంది.

బుడగల్లో ఉన్నదేమిటన్నది తర్వాతి మెట్టు. తాంబూలంలో వేసుకునే సున్నం నీళ్లలో కలిపి, పేరుకోనిచ్చి, పైనున్న తేటను వంచుకుంటే సున్నపుతేట తయారు. బుడగల వాయువును అందులోకి పంపితే పాలలా తెల్లబడుతుంది. నోటితో ఊదినా అదే జరుగుతుంది. రాతిలోంచి వచ్చిందీ మన ఊపిరిలోంచి వచ్చిందీ ఒకటేనా అని పిల్లలు ముఖాలు చూసుకుంటారు.

ఇప్పుడు తూకం. ఆమ్లం పోశాక రాయి తరుగుతుంది. తరిగిన బరువు ఎటు పోయింది? చాలాచోట్ల సీసా మూతికి బుడగ (బెలూన్) కట్టి చూపిస్తారు. వాయువు బుడగలో చిక్కుకుంటుంది, తూకం మారదు అని పాఠం. కానీ ఇందులో ఒక మోసం ఉంది. బుడగ ఉబ్బిన కొద్దీ చుట్టూ ఉన్న గాలి దాన్ని పైకి ఎత్తుతుంది. లీటరు ఉబ్బితే గ్రాముకు పైగా తూకం తగ్గినట్టు కనిపిస్తుంది. మంచి కాటా ఉన్న బడిలో ఈ ప్రయోగం ‘ఫెయిల్’ అవుతుంది. కారణం తెలియని సారు గాలి లీకైందని సర్దిచెప్పుకుంటారు. లీటరు కూల్‌డ్రింకు బాటిల్ మేలు, అది ఉబ్బదు. యాభై మిల్లీలీటర్ల సజల ఆమ్లం పోసి, ఒక్క గ్రాము రాతిపొడిని టిష్యూ పొట్లం కట్టి జారవిడిచి, వెంటనే మూత బిగించాలి. 0.1 గ్రాము చూపే చిన్న కాటా మీద ముందూ తర్వాతా తూచితే ఒకటే అంకె. మూత తిప్పగానే ‘స్స్’ మంటుంది, మళ్లీ తూచితే 0.3 గ్రాముల దాకా తగ్గుతుంది. పోయిన బరువు ఆ శబ్దంలో పోయింది. కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఒక్క గ్రాముకు మించి పొడి వేయకూడదు, మూసిన సీసాలో వాయువు ఎక్కువైతే ప్రమాదం. ఆమ్లం పలచన చేసే పని పిల్లలది కాదు, సారుది.

సున్నపు బట్టీ కథ ఈ సందులోనే చెప్పాలి. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. 44 కిలోలు వాయువై పోతుంది. బేతంచెర్ల రాయైనా ఎర్రగుంట్ల రాయైనా, కాల్చింది కట్టెలతోనైనా బొగ్గుతోనైనా, మట్టీ ఇసుకా తీసేసి లెక్కేస్తే అదే నిష్పత్తి. 60:40 ఎప్పుడూ రాదు. ఎందుకు రాదు? పరమాణువు అవసరమయ్యేది ఈ ప్రశ్న దగ్గరే. లావోయిజర్ తూకాలు, ప్రౌస్ట్ స్థిర నిష్పత్తులు, పదార్థమంతా పరమాణువులేనన్న 1808 నాటి డాల్టన్ ఆలోచన పుస్తకంలో పేరాలుగా ఉన్నాయి. వాటికి ముందు సీసా ‘స్స్’ మన్న అనుభవం ఉంటే పేరా చదివిన పిల్లవాడికి డాల్టన్ ఏ చిక్కు విప్పుతున్నాడో తెలుస్తుంది. పదార్థం, మిశ్రమాలు, పరమాణువులు అనే మూడు పాఠాలనూ ఇలా ఒకే దారానికి గుచ్చితే అరవై పీరియడ్లు పట్టినా నష్టం లేదు. పరమాణు నిర్మాణం పాఠాన్ని దీని వెనకే తగిలించకుండా జనవరి దాకా ఆపడం మంచిది. తుమ్మలపల్లె యురేనియం గనుల పేరు విన్న కడప పిల్లలకు ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) చెప్పడానికి క్లోరిన్ కంటే యురేనియం దగ్గరి ఉదాహరణ. సహజ యురేనియంలో 99 శాతానికి పైగా 238, రియాక్టరుకు కావలసిన 235 ఒక శాతం కూడా లేదు.

కరిగిందా, కరిగిందా?

తెలుగు మాట్లాడే పిల్లలకు ఇంగ్లిషు పుస్తకం పెట్టే చిక్కు గురించి చాలా చర్చ జరిగింది. తెలుగే పెట్టే చిక్కు గురించి తక్కువ. ఉప్పు నీళ్లలో కరుగుతుంది. నెయ్యి పొయ్యి మీద కరుగుతుంది. ఒకటే మాట, రెండు వేరు పనులు. ఉప్పు కరగడానికి నీళ్లు కావాలి, నెయ్యి కరగడానికి వేడి చాలు. మన నాలుక ఆ తేడా పట్టించుకోదు కాబట్టి చక్కెర నీళ్లలో వేస్తే ‘చక్కెర నీరైపోయింది’ అని రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. పుస్తకం వేడికి కరగడానికి ద్రవీభవనం అన్న మాట ఇచ్చి తప్పుకుంటుంది. దాన్ని కంఠతా పట్టిన పిల్లవాడి బుర్రలో పాత ‘కరగడం’ అలాగే ఉంటుంది. ప్లాన్‌లో దీనికి ఒక పీరియడ్ విడిగా రాసుకోవాలి. ఒక గిన్నెలో చక్కెర, నీళ్లు. ఇంకో గిన్నెలో చక్కెర ఒక్కటే, పొయ్యి మీద. మొదటిదాన్ని ఎండలో పెడితే నీళ్లు పోయి చక్కెర మళ్లీ చేతికొస్తుంది. రెండోది పాకమై రంగు మారి మాడిపోతుంది.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. అనంతపురం వైపు ‘చెరువు ఇంకిపోయింది’ అంటారు. కింది మట్టిలోకి దిగిందా, పైన గాలిలో కలిసిందా? ఆ మాట చెప్పదు. బరువు అంటే కాటా చూపేదా, భూమి లాగే బలమా? శక్తి, బలం, సామర్థ్యం ఊళ్లో ఒకదాని బదులు ఒకటి వాడుకోవచ్చు, పీఎస్‌లో మూడూ వేర్వేరు. అన్నిటికంటే గట్టి పేచీ ‘పని’ దగ్గర వస్తుంది. శనక్కాయల మూట నెత్తిన పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడ్డ మనిషి చేసిన పని సున్నా అని పుస్తకం అంటుంది. ‘మరి కూలి ఇయ్యరా సార్?’ అని వెనక బెంచీ నుంచి వస్తుంది. అది అల్లరి కాదు, న్యాయమైన ప్రశ్నే. మూట మీద పని జరగలేదు, కానీ మనిషి కండరాలు లోలోపల బిగుసుకుంటూ సడలుతూ తిన్న తిండిని ఖర్చుచేస్తూనే ఉన్నాయి. కూలి దానికి.

ఒకే వాలు, మూడు పేర్లు

చలనం పాఠం పిల్లల్ని భయపెట్టేది గ్రాఫుల దగ్గర. దానికి మందు జులైలోనే వేసి ఉంచాలి. రాళ్ల ముక్కలు కొన్ని కొన్ని కలుపుతూ బరువూ ఘనపరిమాణమూ గ్రాఫు గీయిస్తే మూడు రాళ్లకు మూడు గీతలు వస్తాయి. ముగ్గురాయి గీత నిటారుగా లేస్తుంది, మిగతా రెండూ దాదాపు అతుక్కుపోతాయి. గీత వాలే సాంద్రత. అక్టోబరులో దూరం–కాలం గ్రాఫు గీసినప్పుడు అదే వాలు వేగం అవుతుంది, వేగం–కాలం గ్రాఫులో త్వరణం అవుతుంది. పేరు మారింది, పని అదే. లెక్కల పుస్తకంలో నిరూపక రేఖాగణితం ఎప్పుడు వస్తుందో చూసుకుని లెక్కల సారుతో స్టాఫ్‌రూమ్‌లో పది నిమిషాలు మాట్లాడుకుంటే ఇద్దరికీ శ్రమ తగ్గుతుంది. అలా మాట్లాడుకునే స్టాఫ్‌రూములు తక్కువన్నది వేరే సంగతి.

చలనానికి డేటా కావాలంటే కర్నూలు–అనంతపురం రోడ్డే ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులో కిటికీ పక్కన కూర్చుని కిలోమీటరు రాయి దాటినప్పుడల్లా వాచీలో టైము రాసుకుంటే ఇరవై అంకెలు వస్తాయి. టోల్‌గేటు దగ్గర గీత చదునవుతుంది. పుస్తకంలోని ‘ఒక కారు నిశ్చల స్థితి నుంచి బయలుదేరి’ లెక్కకు ఆ గీత చూశాక ప్రాణం వస్తుంది. బలం పాఠానికి మాత్రం ఇన్ని ముచ్చట్లు అక్కర్లేదు, పుస్తకం బాగానే చెప్పింది. గురుత్వాకర్షణలో సార్వత్రిక స్థిరాంకంతో చేసే పెద్ద పెద్ద గుణకారాలు తగ్గించి, తేలడం మునగడం దగ్గర ఆగాలి. అక్కడికి రాళ్లు మళ్లీ పనికొస్తాయి. స్ప్రింగ్ త్రాసుకు వేలాడదీసి నీళ్లలో ముంచితే ఏ రాయి ఎంత తేలికైందో చూస్తే జాడీ లేకుండానే సాంద్రత వచ్చేస్తుంది.

పని–శక్తికి బోరుబావిని మించిన పాఠం లేదు. 300 అడుగులంటే దాదాపు 90 మీటర్లు. అంత లోతు నుంచి వెయ్యి లీటర్లు పైకి తేవాలంటే 1000 × 9.8 × 90, అంటే 8,82,000 జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు 36 లక్షల జౌళ్లు. అంటే లెక్క ప్రకారం పావు యూనిట్ చాలు. ఊళ్లో మోటారు మీటరు చూస్తే అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంది. మిగతాది మోటారు వేడికీ పైపులో రాపిడికీ పోయింది. ఎంత పోయిందో ఇంటి దగ్గర కొలిచి రమ్మంటే అది నిజమైన ప్రాజెక్టు. ఓర్వకల్లు వైపు గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మధ్యాహ్నం మిగిలిన కరెంటును రాత్రికి దాచడం ఎలా అని అడిగితే, నీళ్లను కొండమీదికి ఎక్కించి మళ్లీ కిందికి వదలాలని బోరుబావి లెక్క చేసిన పిల్లలే చెబుతారు. పిన్నాపురం పంప్‌డ్ స్టోరేజీ ప్రాజెక్టు వెనకున్న ఆలోచన అదే. ధ్వనికి ఆరు పీరియడ్లు చాలు. గండికోట లోయ అంచున అరిచి ప్రతిధ్వని టైము చూసుకోవచ్చు, వీలుకాకపోతే బడి పెద్దగోడ ముందు చప్పట్లైనా చాలు. 40 డిగ్రీల ఎండలో ధ్వని వేగం సెకనుకు 355 మీటర్ల దాకా ఉంటుందని, పుస్తకంలోని అంకె అంతకంటే చల్లటి గాలిదని గుర్తుచేస్తే సరిపోతుంది.

క్యాలెండరు చేసే పేచీ

కాగితం మీద ఏ ప్లాన్ అయినా బాగుంటుంది. హైస్కూల్లో పీఎస్ సారు ఒక్కరే ఉంటే జనవరి నుంచి ఆయన పదో తరగతి మనిషి. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్టులు. తొమ్మిదో తరగతికి మిగిలేది ‘పాఠం చదువుకోండి, వస్తా’ అన్న మాట. మార్చి నడిమికల్లా ఒంటిపూట బడులు, పీరియడ్లు కుదించుకుపోతాయి. దీన్ని తిట్టుకోవడం కంటే ముందే లెక్కలో వేసుకోవడం మేలు. సారు పక్కనుండి నడిపించాల్సిన రాళ్లు, ఆమ్లం, గ్రాఫులు, చలనం, బలం డిసెంబరుకల్లా అయిపోవాలి. పిల్లలు గుంపులుగా తమంతట చేసుకోగలిగినవి ఫిబ్రవరికి వదలాలి. బోరు లెక్క అలాంటిదే. మట్టి కుండ ప్రయోగం ఇంకొకటి: జూన్‌లో ఒకసారి, ముసురు పట్టిన ఆగస్టులో ఒకసారి, మార్చి ఎండలో ఒకసారి అదే కుండలో నీళ్లు ఎంత చల్లబడ్డాయి, ఎంత తరిగాయి అని తూచి రాసుకోవడం. గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత బాగా పనిచేస్తుందని ఏడాది చివర పిల్లలే చెప్పాలి.

అమెరికా కోర్సులో ఒక సరదా పరీక్ష ఉండేది. ఏమేం కలిశాయో తెలియని బురద లాంటి మిశ్రమం ఇచ్చి, విడదీసి తేల్చమనేవారు. దాన్ని సెప్టెంబరులో ఇక్కడ పెట్టుకోవచ్చు. రేగడి మట్టి, ఉప్పు, ఇనుప రజను, పలుగు ఇసుక, కాస్త కర్పూరం. గుంపుకో గ్లాసుడు, వారం గడువు. అయస్కాంతం ముందా, నీళ్లు ముందా అన్న దగ్గరే సగం తరగతి కొట్టుకుంటుంది. తడిస్తే రజను తుప్పు పడుతుందని రెండో రోజుకు గానీ తెలియదు. కర్పూరాన్ని మరిచిపోయి వేడిచేసిన గుంపు దాన్ని వాసనగా మాత్రమే కనిపెడుతుంది. దీనికి మార్కులు వేయడం కష్టమేమీ కాదు. ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులున్నాయి, నెట్‌లోంచి దింపిన బొమ్మలు అతికించిన చార్టుల కంటే ఈ గ్లాసు నయం.

అసలు అడ్డు ప్రశ్నపత్రం. ‘సాంద్రతను నిర్వచించుము’ అన్న ప్రశ్న ఉన్నంతకాలం పిల్లలు నిర్వచనమే చదువుతారు, వాళ్ల తప్పేమీ లేదు. పదో తరగతి పేపరు మార్చడం సారు చేతిలో లేదు గానీ తొమ్మిదో తరగతి స్లిప్ టెస్టు ఆయన చేతిలోదే. దాంట్లో నాలుగు మార్కులకు ఇలా అడగొచ్చు: ఒక గుంపు 90 గ్రాముల తెల్లరాయి ముక్కలు జాడీలో వేస్తే నీటి మట్టం 60 నుంచి 80కి వచ్చింది. నిమ్మరసం వేస్తే పొంగలేదు. అది ముగ్గురాయే అని రవి అంటాడు. ముక్కలు వేసేటప్పుడు నీళ్లు చిందాయి కాబట్టి చెప్పలేమని లక్ష్మి అంటుంది. అది పలుగురాయి కావాలంటే ఎన్ని నీళ్లు చింది ఉండాలి? ఎవరి మాట ఒప్పుకుంటావు? 4.5 వచ్చిందని రాసి ఆగిన పిల్లవాడికి రెండు మార్కులు. పలుగురాయి అయితే మట్టం 94 దాకా లేవాలి, అంటే పద్నాలుగు మిల్లీలీటర్లు చిందాలి, మూడు చెంచాల నీళ్లు బల్ల మీద పడితే కనిపించకుండా ఉంటుందా అని రాసిన అమ్మాయికి నాలుగూ.